కదిలే పీటలు: చేసినవి ఎనిమిది, నిలిచినవి ఐదు

నేను రెండో తరగతికి పాఠాలు చెబుతాను. వడ్రంగం సెలవు రోజుల పని. తరగతిలో 28 మంది పిల్లలు, వయసు ఏడు, ఎనిమిది. కూర్చున్న చోట కాస్త కదలనిస్తే తప్ప పాఠం చెవికెక్కని వాళ్లు వాళ్లలో కొందరున్నారు. వాళ్ల కోసం కదిలే పీటలు, అంటే కూర్చుని ఊగగలిగే స్టూళ్లు, చేయాలనుకున్నాను. ఇంకెవరైనా ఇదే పనికి దిగితే నేను పాడుచేసిన ప్లైవుడ్ మళ్లీ పాడుచేయకుండా ఉండాలని ఈ డైరీ. అందుకే కుదిరిన వాటికంటే కుదరని వాటి గురించే ఎక్కువ రాశాను.

దశ 1: పాదాలు

రంపం పట్టకముందే జరిగిన పొరపాటు ఇది. స్టూలు ఎత్తు ఎంత ఉండాలో తేల్చడానికి పిల్లల కొలతలు తీసుకున్నాను. బూట్లతో కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలిచాను. అతి తక్కువ 29.5 సెం.మీ., అతి ఎక్కువ 38.5. ఏడుగురు 31.5 లోపు, 17 మంది 31.5 నుంచి 35.5 మధ్య, నలుగురు ఆపైన.

తర్వాత తరగతిలో ఉన్న కుర్చీ ఎత్తు కొలిచాను: 38 సెం.మీ. అన్నీ అంతే. అంటే 28 మందిలో పాదం పూర్తిగా నేలకు ఆనేది ఇద్దరికే. మిగతా 26 మంది రోజంతా కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటున్నారు. తొడ కింద కుర్చీ అంచు కోసుకుంటూ ఉంటే ఎవరు మాత్రం కుదురుగా ఉంటారు? మూడేళ్లుగా 'కాళ్లు ఊపకు' అంటున్నది నేనే.

పాఠశాల బల్లలు, కుర్చీల కోసం ఐరోపాలో వాడే ఈఎన్ 1729 ప్రమాణం ప్రకారం 2వ సైజు కుర్చీ ఎత్తు 31 సెం.మీ., దాని బల్ల 53. 3వ సైజుకు 35, 59. 4వ సైజుకు 38, 64. నా తరగతిలో కుర్చీలు 4వ సైజువి, పిల్లలేమో ఎక్కువగా 2, 3 సైజుల వాళ్లు. బల్ల ఎత్తు 58. కాబట్టి స్టూళ్ల పని పక్కన పెట్టి ముందు పాదపీటలు చేశాను. ఒక్కోటి ఇద్దరికి సరిపోయేలా 7 సెం.మీ. ఎత్తువి నాలుగు, 4 సెం.మీ. ఎత్తువి తొమ్మిది. కొలత ప్రకారం పిల్లలను అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టాను.

ముందుగానే చెబుతున్నాను: కదిలే పీట కావాలని నేను జాబితాలో రాసుకున్న తొమ్మిది మందిలో ముగ్గురికి పాదపీటతోనే సరిపోయింది. మీరు ఇంకేదీ చేయకపోయినా ఈ కొలత తీసుకోండి.

*ఇప్పటికి: పని గంటలు 14. స్టూళ్లు 0. పాదపీటలు 13.*

దశ 2: అడుగు వంపు

స్టూలు రూపం సులువు. పైన గుండ్రటి పీట, మధ్యలో స్తంభం, కింద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు ఉబ్బిన అడుగు పళ్లెం. తేడా అంతా ఆ ఉబ్బులోనే. దాని వంపు ఏ వ్యాసార్ధంతో గీస్తామో దాన్ని బట్టి స్టూలు తిరిగి నిటారుగా లేస్తుందా, పడిపోతుందా అన్నది తేలుతుంది.

నమూనా 1: వంపు వ్యాసార్ధం 45 సెం.మీ., పళ్లెం వ్యాసం 30, పీట ఎత్తు 34. అంచు నేలకు తగిలేదాకా 19 డిగ్రీలకు పైగా వాలుతుంది. నేను కూర్చుంటే భలేగా ఉంది. నా కాళ్లు పొడుగు, నా అరికాళ్లే దాన్ని ఆపుతున్నాయన్న సంగతి తట్టలేదు. తరగతిలో పెట్టిన రెండో రోజు ఒక పాప వెనక్కి తిరిగి స్నేహితురాలికి రబ్బరు ఇవ్వబోతూ కాళ్లు పైకి లేపింది. స్టూలు ఆమె కింద నుంచి జారిపోయింది. దెబ్బ తగల్లేదు. వెనుక బల్ల అంచు ఆమె తలకు జానెడు దూరంలో ఉంది. ఆ సాయంత్రమే స్టూలు ఇంటికి తెచ్చేశాను.

అప్పుడు వేసిన లెక్క ముందే వేయాల్సింది. వంపు ఒక పెద్ద గోళంలో ముక్క అనుకుంటే, ఆ గోళం కేంద్రం నేల నుంచి వ్యాసార్ధమంత ఎత్తులో ఉంటుంది. పిల్ల, స్టూలు కలిపిన గరిమనాభి (బరువంతా ఒక్కచోట చేరినట్టు లెక్కించే బిందువు) ఆ కేంద్రానికి కింద ఉంటే స్టూలు వాలినా లేస్తుంది. పైన ఉంటే వాలిన వైపే పోతుంది.

కూర్చున్న పిల్లవాడి గరిమనాభి పీటకు దాదాపు 18 సెం.మీ. పైన ఉంటుందనుకున్నాను. అంటే నేల నుంచి 52. పిల్లవాడు 22 కిలోలు. స్టూలు 3.4 కిలోలు, దాని గరిమనాభి 15 సెం.మీ. దగ్గర. రెండూ కలిపితే 47 సెం.మీ. వంపు వ్యాసార్ధం 45. రెండు సెంటీమీటర్లు తక్కువ. కాళ్లు నేలకు ఆనినంతసేపూ పరవాలేదు, ఎత్తిన క్షణం పడుతుంది. 22 కిలోల ఇసుక సంచిని నిలువుగా కట్టి పీట మీద పెట్టి చూశాను. మూడుసార్లూ పడింది.

నమూనా 2: వ్యాసార్ధం 60. ఇసుక సంచి పడలేదు, కానీ తీరిగ్గా, అయిష్టంగా లేచింది. పిల్లవాడు కొంచెం ముందుకు వంగినా, చేయి చాచినా గరిమనాభి మారుతుంది. మిగులు 13 సెం.మీ. మాత్రమే. దీన్ని తరగతికి తీసుకెళ్లలేదు.

నమూనా 3: వ్యాసార్ధం 90, పళ్లెం వ్యాసం 34. మిగులు 43 సెం.మీ., అంటే రెండో దానికంటే మూడు రెట్లకు పైగా బలంగా నిటారుకు లాగుతుంది. వాలు 11 డిగ్రీల లోపు. నాకు చప్పగా అనిపించింది. పిల్లలకు మాత్రం ఇదే నచ్చింది. పెద్దవాళ్లు తమ ఒంటికి నప్పేలా చూసుకుని చేస్తే నమూనా 1 లాంటివే వస్తాయి.

అయితే నమూనా 3 కూడా పాడైంది, వేరే కారణంతో. ఉబ్బు లోతు 1.6 సెం.మీ.యే కదా అని ఒకే 18 మి.మీ. ప్లైవుడ్ నుంచి చెక్కాను. అంచు దగ్గర మిగిలింది 2 మి.మీ. వారంలో చుట్టూ పెచ్చులు లేచాయి. ఎలుక కొరికిన అప్పడంలా తయారైంది.

ఐదు స్టూళ్లకూ పనికొచ్చిన పద్ధతి ఇది:

1. దళసరి అట్ట పక్కన మేకు కొట్టి, 90 సెం.మీ. దారానికి పెన్సిలు కట్టి చాపం గీయండి. 36 సెం.మీ. పొడవున లోపలి వంపు వచ్చేలా కోయండి. ఇది అచ్చు.
2. 12 మి.మీ. ప్లైవుడ్‌లో 34 సెం.మీ. పళ్లేలు రెండు కోసి, జిగురుతో అతికి, రాత్రంతా బరువు కింద ఉంచండి. మొత్తం మందం 24 మి.మీ.
3. పై అంచు నుంచి 8 మి.మీ. వదిలి చుట్టూ గీత గీయండి. ఆ గీత దాటి చెక్కకూడదు.
4. అంచు నుంచి మధ్యకు చిత్రిక పట్టండి. మధ్యలో అరచేయంత భాగాన్ని చివరిదాకా ముట్టుకోవద్దు.
5. అచ్చు పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. వెలుతురు దూరే చోటు పల్లం, దాన్ని వదిలేయండి. తగులుతున్న చోటే ఇంకా తీయాలి.
6. 60 నంబరు, ఆ తర్వాత 120 నంబరు ఉప్పు కాగితం.

నాలుగో మెట్టులో ప్లైవుడ్ తనే దారి చూపిస్తుంది. చెక్కుతున్న కొద్దీ దాని పొరలు ఒకదానిలో ఒకటి వలయాలుగా బయటపడతాయి. వలయాలు గుండ్రంగా ఉంటే వంపు సమంగా ఉన్నట్టు. ఒకవైపు కోడిగుడ్డులా సాగితే ఆ వైపు ఎక్కువ తీశారన్నమాట. అచ్చు కంటే ఈ వలయాలనే నేను ఎక్కువ నమ్మాను.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. నమూనా 2 పీట కింద గుండ్రంగా తిరిగే బేరింగు బిగించాను. ఊగడంతో పాటు తిరగడం కూడా ఉంటే మంచిదే కదా అనుకుని. పక్కింటి పిల్లాడు ఐదు నిమిషాలు తిరిగి, దిగి, గోడ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (రోజువారీ పనుల్లో ఇబ్బంది పడేవాళ్లకు సాయపడే నిపుణురాలిగా) పనిచేసే స్నేహితురాలికి చెబితే, ఆమె నవ్వలేదు. "నెమ్మదిగా, ఒకే లయలో ఊగితే ఒళ్లు సర్దుకుంటుంది. గిరగిరా తిరిగితే రేగుతుంది. మీకు లెక్కల పీరియడ్‌లో ఏది కావాలి?" అంది. బేరింగు అదే రోజు తీసేశాను.

*ఇప్పటికి: పని గంటలు 35. చేసిన స్టూళ్లు 3, పారేసినవి 3.*

దశ 3: స్తంభం

నమూనా 3 అంచు విరగకపోయినా ఎలాగూ పోయేదే. మధ్య స్తంభానికి 6 సెం.మీ. చదరపు కర్ర వాడి, పైనుంచి నాలుగు, కిందనుంచి నాలుగు స్క్రూలు దించాను. పది రోజుల్లో పీట గడియారం లోలకంలా కదలడం మొదలుపెట్టింది. మామూలు స్టూలుకు పై నుంచి బరువు మాత్రమే పడుతుంది. ఊగే స్టూలుకు ప్రతి ఊపులో పక్కకు లాగే బలం ఉంటుంది, అదీ రోజుకు వందల సార్లు. కర్ర కోసిన చివరలోకి, అంటే నార పొడవునా దిగిన స్క్రూకు పట్టు ఉండదు. నారకు అడ్డంగా దిగిన స్క్రూయే నిలుస్తుంది. ఇది ఏ వడ్రంగిని అడిగినా మొదటి మాటగా చెబుతాడు. నేను అడగలేదు.

మార్చింది: కర్ర బదులు 12 మి.మీ. ప్లైవుడ్ పలకలు నాలుగింటితో 14 సెం.మీ. చదరపు డబ్బా. లోపల పైనా కిందా 3 సెం.మీ. చదరపు బద్దలు నాలుగు వైపులా అడ్డంగా జిగురు పెట్టి బిగించాను. పీట, అడుగు పళ్లెం రెండూ ఆ బద్దలకే స్క్రూలతో పట్టి ఉంటాయి. అడుగు వైపు స్క్రూ తలలు 6 మి.మీ. లోతుకు దించి, చెక్కపొడి కలిపిన జిగురుతో పూడ్చాను. నేలకు తగిలే చోట ఇనుము కనిపించకూడదు.

బరువు 4.1 కిలోలకు పెరిగింది. ఇది నష్టం కాదు. కింద బరువు పెరిగితే గరిమనాభి దిగుతుంది. పిల్లలు తలకెత్తుకుని పరుగెత్తడం కూడా తగ్గింది.

పరీక్ష: నేను పీట మీద నిలబడి, గోడ పట్టుకుని, నాలుగు దిక్కులకూ యాభైసార్లు చొప్పున ఊగాను. తరగతిలో పెద్దవాళ్లు కూడా కూర్చుంటారు, కాబట్టి 22 కిలోలకు చేసి ఊరుకోకూడదు. చప్పుడు, కదలిక లేవు.

ఎత్తులు మూడు రకాలు: 31 సెం.మీ. రెండు, 34 రెండు, 37 ఒకటి. పీట అడుగున పెద్ద అంకెతో రాశాను. 31 వాటిని 58 సెం.మీ. బల్ల దగ్గర వేస్తే పిల్లల భుజాలు చెవుల దాకా లేచాయి. మూలనున్న ఎత్తు మార్చే బల్లను 53కు దించి వాటిని అక్కడికి చేర్చాను. పీట ఒక్కటే మార్చి బల్లను మరిచిపోవడం నేను రెండుసార్లు చేసిన తప్పు.

*ఇప్పటికి: పని గంటలు 45. చేసిన స్టూళ్లు 8, పారేసినవి 3, పనికొచ్చేవి 5.*

దశ 4: చప్పుడు, నేల మీద గీతలు

ఐదు స్టూళ్లు గచ్చు నేల మీద ఒకేసారి ఊగితే ఎలా ఉంటుందో రాయను. మీటరు దూరంలో ఫోను పెట్టి కొలిచాను. ఫోను చూపే డెసిబెల్స్ కచ్చితమైనవి కావు, కానీ ఒకే ఫోను, ఒకే చోటు కాబట్టి తేడా నమ్మొచ్చు.

- ఉత్త చెక్క: 62
- సైకిలు ట్యూబు ముక్కలు అతికిస్తే: 50. నల్ల గీతలు. సోమవారం తుడిస్తే మంగళవారం మళ్లీ.
- 6 మి.మీ. ఈవీఏ ఫోము (నురగ ప్లాస్టిక్) షీటు: 46. మెత్తగా, హాయిగా ఉంది. రెండు వారాల్లో మధ్య భాగం నలిగి పలచబడింది. వంపు మధ్యలో చదునై, స్టూలు ఊగడం మానేసి ఒక పక్కకు వాలి కూర్చోవడం మొదలుపెట్టింది.
- 3 మి.మీ. బూడిద రంగు రబ్బరు షీటు, మరక పడని రకం: 48. ఇదే ఉంది ఇప్పుడు.

షీటు అతికేటప్పుడు రెండు వైపులా రబ్బరు జిగురు పలచగా రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, మధ్య నుంచి అంచుకు నొక్కుతూ పోవాలి. వంపు తక్కువ కాబట్టి షీటు సాగి సర్దుకుంటుంది, చీలికలు కోయనక్కర్లేదు. మొదటి రెండింటికి ఆత్రంగా తడి జిగురు మీదే అతికాను. అంచులు లేచాయి.

*ఇప్పటికి: పని గంటలు 52.*

దశ 5: చెక్క పని లేనివి

అందరికీ ఊగే స్టూలు అక్కర్లేదు. గాలి దిండు, కుర్చీ కాళ్లకు సాగే పట్టీ కూడా పెట్టి చూశాను. వీటి గురించి ఎక్కువ రాయడానికి లేదు, రెండు తప్పులు తప్ప.

దిండును బిగుతుగా ఊదాను. 33 సెం.మీ. దిండు, నిండుగా ఊదితే పీట ఎత్తు 5 సెం.మీ. పెరిగింది. కష్టపడి నేలకు దించిన పాదాలు మళ్లీ గాల్లోకి లేచాయి. పైగా బిగుతు దిండు బంతిలా తోస్తుంది. పిల్లవాడు కూర్చున్నాక అడుగు మీద 2 సెం.మీ. గాలి మాత్రమే మిగిలేలా ఉంచాలి. ఒకటి పెన్సిలు మొనకు బలైంది. ఇప్పుడు మందపాటి గుడ్డ తొడుగు వేశాను.

పట్టీని ముందు కాళ్లకు నేల నుంచి 20 సెం.మీ. ఎత్తున కట్టాను. అది పిక్కలకు తగులుతోంది, పాదంతో తోయడానికి అందడం లేదు. 11 సెం.మీ.కు దించాక మడమ దాని మీద పడింది. తోసినప్పుడు కుర్చీ ముందుకు జారకుండా కాళ్లకు రబ్బరు టోపీలు వేయాలి. సహజ రబ్బరు పడని పిల్లలుంటారు. వ్యాయామానికి అమ్మే పట్టీల్లో చాలావాటిలో అది ఉంటుంది. లేటెక్స్ లేనిదని రాసి ఉన్నదే తీసుకోండి.

పట్టీని నేను చిన్నచూపు చూశాను. బయటికి ఏమీ కనిపించదు, చప్పుడు లేదు, చేయడానికి పది నిమిషాలు. ఆరుగురు అడిగి మరీ కట్టించుకున్నారు. కాలితో బలంగా తోసినప్పుడు కండరాలు, కీళ్లు పనిచేస్తాయి. శరీరం ఎక్కడుందో మెదడుకు తెలిపేది వాటి నుంచి వెళ్లే కబురే. ఊగడం, ఒంటి తూకాన్ని కనిపెట్టే లోపలి చెవికి సంబంధించిన పని. జీన్ ఏర్స్ అనే అమెరికన్ థెరపిస్టు 1960, 70 దశకాల్లో ఇంద్రియ సమన్వయం (ఇంద్రియాల కబుర్లను మెదడు కలిపి వాడుకునే తీరు) గురించి చెప్పినప్పుడు ఈ రెంటికీ చాలా చోటిచ్చింది. నేను ఊగడం మీదే పడి రెండో దాన్ని మరిచాను.

*ఇప్పటికి: పని గంటలు 57. స్టూళ్లు 5, దిండ్లు 3, పట్టీలు 6.*

దశ 6: తరగతిలో

మొదటి వారం ఎలా ఉంటుందో ఊహించగలరు. ఐదు స్టూళ్లు, 28 మంది. జాబితా గోడకు అంటించి వంతులు వేశాను. కొత్త తగ్గాక నిజంగా కావలసిన వాళ్లు తేలారు.

నలుగురిని మాత్రం గీతలు పెట్టి లెక్కించాను. ఇరవై నిమిషాల పాఠంలో ఎన్నిసార్లు చోటు వదిలి లేచారన్నదే లెక్క. రోజుకు ఒక పాఠం, వారానికి ఐదు రోజులు. నలుగురివీ కలిపి:

- మామూలు కుర్చీ, పాదపీటతో: 61
- స్టూలు, మొదటి వారం: 78
- స్టూలు, నాలుగో వారం: 37

మొదటి వారం చూసి వదిలేసి ఉంటే పని దండగ అని రాసేవాణ్ని. నాలుగో వారం చూసి గంతులు వేయడమూ తప్పే, ఎందుకంటే ఆ 37లో 19 ఒక్కడివే. కుర్చీలో అతని లెక్క 12. స్టూలు అతన్ని ఇంకా రేపుతోంది. అతన్ని తిరిగి కుర్చీకి మార్చి పట్టీ కట్టాను, మరుసటి వారం 9. నలుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయుడి గీతలు, వీటితో ఏదీ రుజువు కాదు. ఇలాంటి కుర్చీల మీద జరిగిన పరిశోధనలు కూడా ఒక్క తీరుగా చెప్పవు. కొన్నింట్లో మేలు కనిపించింది, కొన్నింట్లో తేడా లేదు.

నిబంధనలు మొదట ఏడు రాశాను. ఎవరికీ గుర్తుండలేదు. మిగిలినవి మూడు:

1. రెండు పాదాలూ నేల మీద. పాదాలు రెండు, స్టూలు అడుగు ఒకటి, కలిపి మూడు కాళ్లు.
2. ఇరవై నిమిషాలు, తర్వాత ఆనుకునే కుర్చీ. స్టూలుకు వీపు లేదు, నడుము అలుస్తుంది.
3. వద్దనిపిస్తే చెప్పకుండా మార్చుకోవచ్చు.

మూడోది స్నేహితురాలు చేర్పించింది. 'బుద్ధిగా ఉంటే స్టూలు, లేకపోతే తీసేస్తా' అని నేను ఒకరోజు అన్నాను. "కళ్లజోడు కూడా అలాగే తీసేస్తారా?" అని అడిగింది.

స్టూళ్లను వెనుక వరుసకు, గోడకు 40 సెం.మీ. దూరంలో వేశాను. ముందు వరుసలో ఊగేవాళ్లను చూస్తే వెనుక వాళ్లకు కళ్లు తిరుగుతున్నాయట. ఒక పాప వచ్చి, "టీచర్, వాడు ఊగుతుంటే నాకు అక్షరాలు ఊగుతున్నాయి" అంది.

*ఇప్పటికి: పని గంటలు 69. రోజూ వాడుకలో ఉన్నవి: స్టూళ్లు 4, దిండ్లు 2, పట్టీలు 7, పాదపీటలు 13.*

మిగిలిన పని

37 సెం.మీ. స్టూలు ఎవరూ వాడటం లేదు. దాని డబ్బాను 3 సెం.మీ. కోసి 34కు దించాలి. కోసే ముందు కింది బద్దల స్క్రూలు తీయడం మరిచిపోకూడదు. 31 వాటిలో ఒకదానికి రబ్బరు అంచు వేలెడంత లేచింది, తడి జిగురు మీద అతికిన రెండింటిలో అదొకటి. నెలకోసారి పీట స్క్రూలు బిగించి, పీట అడుగున పెన్సిలుతో తేదీ వేస్తున్నాను. నిన్న తిరగేసి చూస్తే నా తేదీల పక్కన ఎవరో తమ పేరు రాసుకుని, దాని కింద 'ఇది నాది' అని కూడా రాశారు. అక్కడ మాత్రం ఉప్పు కాగితం పెట్టను.